జంపఖానా కప్పుకుని తల ఊపాను

మైకు ముందు నిలబడి సేటు జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీశాడు. విప్పాడు, ఒకసారి పైనుంచి కిందికి చూశాడు, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులోనే పెట్టుకున్నాడు. తర్వాత వేదిక మీద కూర్చున్న నా వైపు తిరిగి, వచ్చిన ప్రశ్నే పరీక్షలో పడినవాడిలా నవ్వి, "మై మేడం టోల్డ్ వన్ థింగ్" అన్నాడు. నేను రాసిచ్చిన పదహారు వాక్యాలలో ఆ వాక్యం లేదు. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా అప్పుడే. భుజాల మీద కింద పరుచుకునే జంపఖానా ఉంది (ఎందుకుందో చెప్తాను), హాల్లో రెండు వందల మంది ఉన్నారు, మొదటి వరుసలో నున్నటి బట్టతలతో ఒక పెద్దాయన కాలు మీద కాలు వేసుకుని శ్రద్ధగా వింటున్నాడు. లేచి పారిపోదామంటే జంపఖానాతో పరుగెత్తలేను.

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఉండకూడదు అన్నది ఉద్యోగపు షరతు. డిగ్రీ అయిపోయి, పై చదువుకు సీటు రాక, ఇంట్లో కూర్చుంటే పెళ్ళి చూపులు మొదలవుతాయన్న భయంతో హనుమకొండలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరాను. కింద మిర్చి బజ్జీల బండి, మొదటి అంతస్తులో కళ్ళద్దాల షాపు, రెండో అంతస్తులో మేము. వరంగల్ కాశిబుగ్గలో మా ఇంటి నుంచి షేర్ ఆటోలో ఇద్దరు పట్టే చోట నలుగురం కూర్చుని వచ్చి, మెట్ల మీద చున్నీ సర్దుకుని, లోపలికి అడుగుపెట్టగానే ఇంగ్లీషులో పుట్టి పెరిగినదాన్ని అయిపోయేదాన్ని. మొదటి రోజే మా డైరెక్టర్ సారు తన గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. "చూడమ్మా, టీచర్ నోట్లకెళ్ళి తెల్వదు అనే మాట రావద్దు. ఒక్కసారి వచ్చిందంటే తెల్లారి బ్యాచ్ ఖాళీ. ఏదన్న చెప్పు, కాకపోతే కాన్ఫిడెన్స్‌గ చెప్పు." ఆయన అన్నీ కాన్ఫిడెన్స్‌గానే చెప్పేవాడు. జీతం ఫలానా రోజు వస్తుందని కూడా.

(ఇప్పుడు నన్ను చూస్తే మీరు నమ్మరు. మా చిన్నపాపకు ఒళ్ళు కాస్త వెచ్చబడితే థర్మామీటరు మూడుసార్లు పెడతాను, ఫోన్లో వెతుకుతాను, వెతికింది నిజమో కాదో కనుక్కోవడానికి అక్కకు ఫోన్ చేస్తాను, అక్క చెప్పింది సరిపోక దవాఖానకు పోతాను. ఇన్ని అనుమానాలున్న మనిషి ఒకప్పుడు ఏ అనుమానమూ లేకుండా అబద్ధం చెప్పిందంటే నాకే నమ్మబుద్ధి కాదు.)

సేటు మా సాయంత్రం ఆరింటి బ్యాచ్. అరవై ఆరేళ్ళు. వరంగల్ బజార్లో జంపఖానాల దుకాణం, తండ్రి నాటిది. క్లాసులో మిగతా పదిహేను మందీ ఇంటర్వ్యూల కోసం వచ్చే పిల్లలు. వాళ్ళంతా ఆయన్ని సేటు అనే పిలిచేవాళ్ళు. నేను క్లాసులోకి రాగానే పిల్లలు ఫోన్లు కింద పెట్టేవాళ్ళు, సేటు మాత్రం లేచి నిలబడేవాడు. నేను కూర్చోమనేదాకా కూర్చునేవాడు కాదు. క్లాసులో ఉన్నంతసేపూ "మేడం" అనేవాడు, గుమ్మం దాటగానే "బిడ్డా, చీకటైంది, ఆటో దొరుకుతదా" అని అడిగేవాడు. బడిపిల్లల నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని అట్ట వేసి, పేరు దగ్గర పేరు, తరగతి అని ఉన్నచోట "సాయంత్రం ఆరు" అని రాసుకున్నాడు. నేను ఏది చెప్పినా, తుమ్మినా సరే, తెలుగు అక్షరాల్లో అందులోకి ఎక్కేది.

ఆయనకు ఇంగ్లీషు ఎందుకంటే, అంతకుముందు ఏడాది వర్తక సంఘం సభకు ఎవరో ఆఫీసరు ముఖ్య అతిథిగా వచ్చాడట. పెద్దవాడివి, నువ్వే స్వాగతం చెప్పు అని సేటును లేపారు. ఆయన సాయంత్రం ఏడున్నరకు మైకు పట్టుకుని "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి బజార్లో కొత్తగా షాపులు పెట్టిన కుర్రాళ్ళు, ఏసీ షోరూముల వాళ్ళు, పొద్దుగూకితే చాలు, ఆయన దుకాణం ముందు బండి ఆపి "గుడ్ మార్నింగ్ సేటూ" అని పోయేవాళ్ళట. సంవత్సరం పొడుగునా.

"నవ్వుతె నవ్వనీ మేడం, నాకేం ఫికర్ లేదు. కానీ మా ముసల్దాని ముంగట గూడ అంటాండ్రు. అది లోపటికి పోయి ఏడుస్తాంది" అన్నాడు చేరిన రోజున. "వచ్చే సభల నేను ఐదు నిమిషాలు ఇంగ్లీషుల మాట్లాడాలె. ఒక్క తప్పు రావద్దు. గంతే నాకు కావాల్సింది."

ఆరు నెలల్లో ఆయన బాగానే నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూల పిల్లలకన్నా బాగా. సభకు ఇంకా నెల రోజులు ఉందనగా ఒక సాయంత్రం నేను బోర్డు మీద వర్ణించే మాటలు రాస్తున్నాను. గుడ్, నైస్, ఫైన్, బ్యూటిఫుల్. సేటు చెయ్యెత్తాడు.

"మేడం, నైస్ అంటే మంచిది. అవునా?"

"అవును."

"మరి మా ముసల్ది గిర్నికి పోతె పిండి నైస్‌గ పట్టమంటది. అంటే మెత్తగ. మా దుకాణంల నైస్ మాల్ అంటే సన్న నూలుది, చేతికి నున్నగ తగిలేది. మా చిన్నోడు నాతోని నైస్‌గ మాట్లాడి బండి కొనిపిచ్చుకున్నడు. అండ్ల నైస్ అంటే మంచి గాదు, మోసం. ఒక్క మాటకు గిన్ని ఎట్ల వచ్చినయి? అసలిది ఎక్కడి మాట?"

ఎంత మంచి ప్రశ్న. ఆరు నెలల్లో ఆ గదిలో ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నాకు జవాబు తెలియదు. పదిహేను మంది పిల్లలు ఫోన్లలోంచి తలలెత్తారు. అద్దాల తలుపు అవతల డైరెక్టర్ సారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. "రేపు చూసి చెప్తాను" అంటే సరిపోయేది. ఆ మూడు మాటలు అనడానికి నోరు తెరిచాను, వేరేవి వచ్చాయి.

ఫ్రాన్స్ దేశంలో సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉంది, ఇంగ్లీషులో దాని పేరు కూడా ఈ నాలుగు అక్షరాలే అన్నాను (అంతవరకు నిజం, బడిలో అట్లాసులో చూశాను). పూర్వం ఆ పట్నంలో నేతగాళ్ళు ఉండేవారన్నాను. ప్రపంచంలోకెల్లా సన్నటి, నున్నటి బట్ట అక్కడే నేసేవారన్నాను. ఓడల్లో ఆ బట్ట దేశదేశాలకు పోయేదనీ, జనం చేత్తో తడిమి చూసి ఊరి పేరే బట్టకు పెట్టారనీ, ముందు నునుపుకు ఆ పేరు వచ్చి, తర్వాత మంచికి వచ్చి, చివరికి నునుపుగా మాట్లాడేవాళ్ళకు కూడా వచ్చిందనీ చెప్పాను. చెప్తుంటే నాకే ఎంత బాగుందో. చాక్‌పీసుతో బోర్డు మీద ఒక ఓడ కూడా వేశాను.

సేటు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే గది బట్టకెళ్ళి పుట్టిన మాటనా మేడం" అన్నాడు మెల్లగా. "యాభై ఏండ్ల సంది అంటాన, మాదే అని తెల్వది." నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా రాసుకున్నాడు. ఓడ కూడా వేసుకున్నాడు.

ఆ రోజు ఆటోలో ఇంటికి పోతూ ఫోన్ చేతిలోనే పెట్టుకున్నాను. వెతికితే నిమిషం పట్టదు. తప్పని తేలుతుందేమోనని వెతకలేదు. తెల్లవారి కూడా వెతకలేదు. ఆ తర్వాత నెల రోజులు ఉంది, ఒక్కసారీ వెతకలేదు. ఇక్కడ నేను చిన్నపిల్లనని, ఉద్యోగం కొత్తని ఏదో ఒకటి రాసుకోవచ్చు. కానీ రోజుకు మూడు గంటలు అదే ఫోన్లో పెళ్ళిళ్ళ బ్లౌజుల డిజైన్లు చూసినదాన్ని, ఏం రాసుకోను.

సభకు సేటు నన్నూ పిలిచాడు. గురువు లేకుండా మాట్లాడనన్నాడు. మా దగ్గర సభ అంటే ఎవరికో ఒకరికి శాలువా కప్పాలి, అది లేకపోతే సభ జరిగినట్టే కాదు. సంఘం వాళ్ళు ముఖ్య అతిథికి, అధ్యక్షుడికి, హాలు ఇచ్చినాయనకు తెచ్చిన శాలువాలు కప్పారు. సేటు లేచి, "మా మేడంకు శాలువా నేనే కప్పుత" అని సంచిలోంచి జంపఖానా తీశాడు. ఎర్ర చారలు, నీలం చారలు, మధ్యలో పసుపు డైమండ్లు, నలుగురు కూర్చుని భోజనం చేసేంతది. తన దుకాణంలో అన్నిటికన్నా సన్న నూలుదట. "మేడం, నైస్ మాల్" అని చెవి దగ్గర చెప్పి భుజాల మీద కప్పాడు. అది ఏప్రిల్ నెల. జనం చప్పట్లు కొట్టారు. ఫోటో తీసినాయన, "మేడం, జర మొఖం కనపడాలె" అన్నాడు.

అప్పుడు సేటు కాగితం తీయడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం జరిగింది.

ఆయన మాట్లాడింది నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. ఎక్కడా తడబడలేదు. వన్ సిటీ ఇన్ ఫ్రాన్స్ అన్నాడు, నేతగాళ్ళన్నాడు, ఓడలన్నాడు, చేత్తో గాలిలో బట్టను తడిమి చూపించాడు. వెనక వరుసలో ఏసీ షోరూముల కుర్రాళ్ళు నవ్వడానికి సిద్ధంగా వచ్చి, నవ్వడం మరిచిపోయి వింటున్నారు. ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతోంది. "ద వర్డ్ నైస్ ఈజ్ బార్న్ ఇన్ అవర్ ట్రేడ్" అని ముగించాడు. చప్పట్లు. ముందు వరుసల వాళ్ళు లేచి నిలబడి మరీ కొట్టారు. ఒక్క నిమిషం పాటు నేను కూడా నా అబద్ధాన్ని నమ్మాను.

మొదటి వరుసలో పెద్దాయన లేచి మైకు అడిగాడు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ అనీ, బజార్లో సగం మందికి చదువు చెప్పిన మనిషనీ, అందరూ డిక్షనరీ సారు అంటారనీ నాకు తర్వాత తెలిసింది. దుర్మార్గుడు కాదు. తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేని మనిషి, అంతే. ఇంగ్లీషులోనే, మర్యాదగా మాట్లాడాడు. ఆ పట్నానికీ ఈ మాటకూ ఏ సంబంధమూ లేదట. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందట. మొదట్లో దాని అర్థం ఏమీ తెలియని మనిషి అనట. అక్కడి నుంచి తెలివితక్కువకు, తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాళ్ళకు, తర్వాత సున్నితమైనదానికీ సన్ననిదానికీ పోయి, చివరికి మంచిదగ్గరికి చేరిందట. హాల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు. ఏదో తప్పు దొర్లిందని మాత్రం అందరికీ అర్థమైంది. నాకు మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది. ఏమీ తెలియని మనిషి జంపఖానా కప్పుకుని వేదిక మీద కూర్చుంది.

ఆయన తెలుగులోకి వచ్చి, "ఇది నీకెవరు చెప్పిండ్రయ్యా?" అన్నాడు.

సేటు నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. తర్వాత మైకు దగ్గరికి వంగి, "మేడం కరెక్టే చెప్పింది సార్" అన్నాడు. "నేనే తప్పు రాసుకున్న. వయసైంది, చెవులు సరిగ వినపడుత లేవు."

ఆయన చెవులకు ఏమీ కాలేదు. వెనక బెంచీలో పిల్లలు గుసగుసలాడినా వినేవాడు.

డిక్షనరీ సారు నన్ను చూశాడు. "గంతేనా అమ్మా?" అన్నాడు.

నేను తల ఊపాను. అవును, అంతే, అన్నట్టు. జంపఖానా బరువుకు తల అదే వంగిందని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది భుజాల మీద ఉంది, తల మీద కాదు.

వెనక నుంచి ఎవరో "నైస్ సేటూ" అన్నారు. ఒక నవ్వు, తర్వాత పది, తర్వాత హాలంతా. గుడ్ మార్నింగ్ పోయి నైస్ సేటు వచ్చింది. ఆయన భార్య అటూ ఇటూ చూసి, ఎందుకు నవ్వుతున్నారని పక్కామెను అడుగుతోంది. చప్పట్లు కొట్టినవాళ్ళే నవ్వుతున్నారు కాబట్టి ఆమె కూడా కాస్త నవ్వింది. నాకు ఆ నవ్వు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుంది.

రెండు రోజులు సేటు క్లాసుకు రాలేదు. నేను వెధవను, సంతోషించాను. మూడో రోజు క్లాసయ్యాక మెట్ల మీద, కళ్ళద్దాల షాపు ముందు నిలబడి ఉన్నాడు. "బిడ్డా, నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు ముందుగానే, నేను నోరు విప్పకముందే. "నన్ను నవ్వుతె ఏం బోతది, నా దుకాణం నాకున్నది. నిన్ను నవ్వుతె మీ సారు రేపట్నుంచి రావద్దంటడు." అంటే ఆయనకు అంతా తెలుసు. వేదిక మీద నా వైపు చూసిన ఆ కాసేపట్లోనే తెలిసింది. తర్వాత, "కానీ ఒక్కటి. ఆ పెద్దసారు ఇంగ్లీషుల చెప్పిండు, నాకు సగమే తెలిసింది. అసలుది ఏందో జర సమజ్ చేసి చెప్పు. పుస్తకంల కొట్టేసి రాసుకుంట. ఓడ మాత్రం ఉండనిస్త, మంచిగ వచ్చింది" అన్నాడు.

"రేపు చెప్తాను" అన్నాను. నెల కిందట అనాల్సిన మాట అప్పుడు అన్నాను.

మరునాడు నేను పోలేదు. జ్వరమని ఫోన్ చేయించాను. ఆ వారం కూడా పోలేదు, తర్వాత మానేశాను. (జ్వరం నిజంగానే వచ్చింది, నాలుగు రోజుల తర్వాత. అబద్ధానికి నా ఒళ్ళు కూడా సాయం చేసింది.) ఏడాది తిరిగేలోగా పెళ్ళయింది, హనుమకొండ వచ్చేశాను, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పదేళ్ళలో బజారు పని ఎన్నిసార్లు పడిందో. సేటు దుకాణం వీధి వచ్చేసరికి ఆటోను వెనక సందులోంచి తిప్పమంటాను. "గటు దూరమైతది అక్కా" అంటాడు ఆటో ఆయన. "కానియ్యి" అంటాను. పోయిన నెల సందులో మురుగు మోరీ పని జరుగుతోందని ఆటో ఆయన నన్ను అడక్కుండానే ముందు నుంచి తీసుకుపోయాడు. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని చూశాను. దుకాణంలో కొడుకు కూర్చున్నాడు. బయట కుర్చీలో సేటు, బాగా చిక్కిపోయి, మోకాళ్ళ మీద మడత పెట్టిన జంపఖానా అంచు చేత్తో తడుముతూ. బండి మీద పోతున్న ఎవరో "నైస్ సేటూ, బాగున్నవా" అన్నారు. ఆయన చెయ్యెత్తాడు. పదేళ్ళయినా పేరు పోలేదు. అది పెట్టింది వాళ్ళు కాదు.

జంపఖానా మా ఇంట్లోనే ఉంది. పిల్లలు దాని మీదే కూర్చుని తింటారు, దాని మీదే రాసుకుంటారు. ఎన్ని ఉతుకులు పడ్డా రంగు పోలేదు, నిజంగానే మంచి మాల్. ఇవాళ సాయంత్రం రెండో తరగతి చదివే పెద్దది దాని మీద బోర్లా పడుకుని నోట్‌బుక్ చూపించింది. టీచర్ దాని బొమ్మ కింద ఎర్ర పెన్నుతో ఒక మాట రాసింది. "అమ్మా, నైస్ అని రాసింది. గుడ్ అని ఎందుకు రాయలే? నైస్ అంటే ఏంది?"

ఏ మాట అడగాలో, ఎక్కడ పడుకుని అడగాలో దానికి ఎవరు చెప్పారో. నేను పదేళ్ళ కింద చెప్పినట్టే చెప్పాను. "రేపు చెప్తా, పండుకో." అది పడుకుంది. నేను ఇది రాస్తున్నాను. మొదట నవ్వుకుందామనే మొదలుపెట్టాను, ఓడ బొమ్మ దాకా నవ్వాను కూడా. అద్దాల తలుపు వెనక నిలబడి ఓడ గీస్తున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను భుజం పట్టి ఊపాలనిపిస్తుంది. పాపం, చున్నీ సరిగ్గా పిన్ను కూడా పెట్టుకోలేదు.

ఇక్కడి నుంచి పొద్దున రాస్తున్నాను. పిల్లలిద్దరూ జంపఖానా మీద కూర్చుని ఉప్మా తింటుండగా చెప్పాను. నైస్ అంటే మంచిదని, నున్ననిదని, చాలా కాలం కింద ఏమీ తెలియని మనిషని, అన్నీ చెప్పాను. రాత్రి మూడు చోట్ల చూసి మరీ చెప్పాను. తర్వాత ఈ జంపఖానా ఒక తాత ఇచ్చాడని, ఆ తాతకు నేను తప్పు చెప్పానని, ఆయన తనే తప్పు రాసుకున్నానని అందరి ముందు చెప్పాడని, నేను తల ఊపానని చెప్పాను.

పెద్దది చెంచా ఆపింది. "నువ్వు అబద్ధం ఆడినవా?"

"ఆడిన."

"మరి సారీ చెప్పలే?"

"చెప్పలే. సాయంత్రం స్కూల్ నుంచి రాంగనే ముగ్గురం పోదాం. ఆయన అడిగిన మాటకు నేను ఇంకా జవాబు చెప్పేది ఉంది."

అప్పటిదాకా పసుపు డైమండ్లలో ఉప్మా మెతుకులు ఏరుతున్న చిన్నది తలెత్తింది. "తాత తిడతడా అమ్మా?"

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.